పాత పజెరో ఆయిల్ కూలర్ లైను లీకు: క్లాంపు మీద క్లాంపు వేస్తే ఆగదు తమ్ముడూ

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివేను. 2006 పజెరో ఎస్‌ఎఫ్‌ఎక్స్, 2.8 డీజిల్, సెకండ్ హ్యాండులో కొని ఏడాదిన్నర అయింది, పర్లాకిమిడిలో రాత్రి పెట్టిన చోట పొద్దున్నకి అరచెయ్యంత నల్ల మరక. మెకానిక్ ఆయిల్ కూలర్ లైను మీద ఒక క్లాంపు వేసేడు, నెల ఆగింది, మళ్ళీ కారితే దాని పక్కనే ఇంకోటి వేసేడు, అది పదిహేను రోజులు. ఇప్పుడేమో లైను దొరకదు, కూలర్ తీసీసి రెండు కన్నాలూ మూసీద్దాం అంటన్నాడు, వచ్చే నెల నువ్వు పిల్లల్నీ అమ్మగారినీ ఎక్కించుకుని రాయగడ, లక్ష్మీపూర్ మీదుగా జయపురం వచ్చి గుప్తేశ్వరం వెళ్ళాలి, మరి ఆ మాట వినాలా వద్దా అని కదా నీ ప్రశ్న.

వినకు. మూయొద్దు, మూడో క్లాంపూ వద్దు. నేను సాలూరులో లారీల కింద దూరి పని నేర్చుకున్నోణ్ణి, తర్వాత ఇక్కడ జయపురంలో షెడ్డు పెట్టి ఇరవై ఆరేళ్ళు అయింది, "తెలొ పొడుచి భాయినా" (ఆయిల్ కారుతోంది అన్నా) అంటూ వచ్చే బండి లేని వారం లేదు నాకు, వాటిలో సగం ఇలాగే ఎవరో క్లాంపు వేసి పంపినవే.

ముందు ఆ లైనులో ఏటి నడుస్తుందో తెలుసుకో, అప్పుడు ఎందుకు వద్దంటన్నానో నీకే అర్థమవుద్ది. పంపు సంపులోంచి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోంచి, ఆయిల్ లాగి తోస్తాది, ఫిల్టర్ బ్రాకెట్ దగ్గర ఒక లైను బయటికొచ్చి ముందున్న కూలర్‌కి వెళ్తాది, అక్కడ గాలి తగిలి చల్లారి రెండో లైనులో వెనక్కొచ్చి బేరింగులకీ టర్బోకీ పోద్ది. అంటే ఇది ట్యాంకుకి తిరిగొచ్చే డీజిల్ రిటర్న్ పైపు లాంటిది కాదు, ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ మొత్తం అందులోనే ఉంటాది. నీ కారు టైరులో గాలి 2 బార్ చిల్లర, చలికాలం పొద్దున స్టార్ట్ చేసిన నిమిషంలో ఈ లైనులో దానికి రెండింతలు దాటి ఉంటాది, పైగా ఘాట్ ఎక్కేటప్పుడు ఆ ఆయిల్ వేడి 100 డిగ్రీల పైన. ఇంత ప్రెషరూ ఇంత వేడీ ఉన్నచోట స్క్రూడ్రైవర్‌తో బిగించే హోస్ క్లిప్పు పెట్టి నిలబడమంటే నిలబడదు కదా. లైను ఒకసారి ఊడితే సంపు ఖాళీ అవడానికి ఎంతోసేపు పట్టదు.

సరే, అసలు కారేది ఆ లైనేనా? మీ మెకానిక్ చూసే ఉంటాడనుకో, అయినా నువ్వు ఒకసారి చూసుకో, ఎందుకంటే ముందు కారిన ఆయిల్ గాలికి వెనక్కి పోయి క్రాస్ మెంబర్ (కింద అడ్డంగా ఉండే ఛాసిస్ ముక్క) మీద చుక్క కడుతుంది, చూసినోడు పైన ఉన్న ప్రతి దాన్నీ అనుమానిస్తాడు. ఒక తెల్ల అట్టముక్క రాత్రి కింద పెట్టు. నల్లగా ఉంటే డీజిల్ ఇంజిన్ ఆయిలే, ఎర్రగా ఉంటే పవర్ స్టీరింగుది, దాని పైపులు కూడా ఆ ముందు భాగంలోనే తిరుగుతాయి, నేనే ఒకసారి మోసపోయేను. తర్వాత ఆ ప్రాంతమంతా డీజిల్‌తో బ్రష్ పెట్టి కడిగీసి, సబ్బునీళ్ళు కొట్టి, ఆరనివ్వు. ఆల్టర్నేటర్‌కి పాలిథీన్ కవరు చుట్టు, వాటర్ సర్వీసింగ్ వాడు ప్రెషర్ గన్ను దాని మీద పెట్టి కాల్చిన బళ్ళు ఎన్నో చూసేను. బాగా ఆరేక పిల్లలకి రాసే పౌడరు డబ్బా తీసుకుని కూలర్ దగ్గర రెండు జాయింట్లు, ఫిల్టర్ బ్రాకెట్ దగ్గర రెండు, మధ్యలో రబ్బరు ఇనుము కలిసే నొక్కుల దగ్గర అంతా చల్లు. బండి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి ఒక మనిషిని కొంచెం రేస్ ఇమ్మను, ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టకుండా టార్చి వేసి చూడు. తెల్ల పౌడరు మీద నల్ల గీత ఎక్కడ మొదలైతే అక్కడే లీకు.

వేడెక్కేక చూస్తే ఏమీ కనబడకపోవచ్చు, అదే ఈ లీకులో మాయ. నొక్కుడు దగ్గర లీకు ఎక్కువగా చల్లగా ఉన్నప్పుడే కారుద్ది. ఆయిల్ చిక్కగా ఉంటాది కాబట్టి ప్రెషర్ ఎక్కువ, ముసలి రబ్బరు బిగుసుకుపోయి లోహం నుంచి వెంట్రుకంత ఎడం అవుద్ది, పది నిమిషాలయ్యేక రబ్బరు మెత్తబడి ఉబ్బి సందు మూసుకుపోద్ది. సిమిలిగుడ, పొట్టంగి వైపు చలికాలం బళ్ళు తిరిగేవాళ్ళు "మధ్యాహ్నం కారట్లేదు భాయినా" అంటూ ఉంటారు, అది బాగయ్యి కాదు. నువ్వు సంతోషించి వదిలేస్తే అది మళ్ళీ చలిలో గుర్తు చేస్తాది.

ఆ నొక్కుడు సంగతి ఇంకొంచెం చెప్పాలి, అన్ని తప్పులూ అక్కడే జరుగుతాయి. కంపెనీ లైనులో ఇనప పైపు కొసని రబ్బరు హోసులోకి తోసి పైన ఒక గొట్టం ముక్క పెట్టి మిషన్‌తో చుట్టూ సమానంగా నొక్కుతారు, మా దగ్గర ఫెర్రూల్ అంటాం. రబ్బరు వయసు నీ బండి వయసే. వేడికీ చలికీ వేలసార్లు సాగి ముడుచుకుని అది గట్టిపడి స్ప్రింగు గుణం పోతాది, ఫెర్రూల్ మాత్రం నొక్కినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటాది. ఇప్పుడు ఆ ఇనప ఫెర్రూల్ మీద నువ్వు క్లాంపు వేస్తే ఇనుము మీద ఇనుము బిగించినట్టే, లోపలి రబ్బరుకి ఏం తెలుస్తాది? ఫెర్రూల్ పక్కన ఒట్టి రబ్బరు మీద వేస్తే ఇంకా దారుణం, అక్కడ లోపల పైపే లేకపోవచ్చు, హోసు నడుం నొక్కినట్టు అవుద్ది. నీకు నెల రోజులు ఆగిందంటే క్లాంపు వల్ల కాకపోవచ్చు, ఎండలు ముదిరి ఆగిందేమో, నెల పేరు నువ్వు చెప్పలేదు గానీ నా అనుమానం అదే.

ఫెర్రూల్ కోసీసి మామూలు హోసు తొడిగి రెండు వైపులా రెండేసి క్లాంపులు వేసే పద్ధతి ఒకటుంది. అది ఇంటికి చేరడానికే. అది కూడా పైపు కొసన గట్టు లాంటి ఉబ్బు ఉంటేనే, నున్నటి పైపు మీద హోసు జారి ఊడిపోద్ది. హోసు ఏది అన్నది ఇంకో పెద్ద సంగతి. నేను సాలూరులో కుర్రతనంలో చేసిన వెధవ పని చెప్తాను. ఒక లారీకి ఇలాగే ఆయిల్ హోసు పోతే, మేస్త్రి లేని టైములో, సైజు సరిపోయింది కదా అని రేడియేటర్ హోసు ముక్క తొడిగి బిగించీసేను. మర్నాడు అది బూరెలా ఉబ్బి మెత్తగా జిగురుగా అయిపోయి చేతికి నల్లగా అంటుకుంది, డ్రైవరు సుంకి ఘాట్ ఎక్కకుండానే చూసుకున్నాడు కాబట్టి బతికేను, మేస్త్రి చేత తిన్న తిట్లు ఇప్పటికీ గుర్తే. రేడియేటర్ హోసుల్లో ఎక్కువ వాడేది ఈపీడీఎమ్ రబ్బరు, నీళ్ళకి బ్రహ్మాండం, ఆయిల్ తగిలితే ఉబ్బిపోద్ది. ఆయిల్‌కి నైట్రైల్ రబ్బరు కావాలి, ఇంకా వేడి తట్టుకోవాలంటే వైటాన్.

ఇప్పుడు దారి చెప్తాను. కొత్త లైను దొరకదు అన్నాడు, దొరక్కపోతే ఏం, చేయించుకుందాం. జేసీబీలు తిరిగే ప్రతి పెద్ద ఊళ్ళో హైడ్రాలిక్ హోసులు నొక్కే షాపు ఉంటాది, మన వైపు మైనింగూ రోడ్డు పనులూ ఉన్నాయి కాబట్టి రాయగడలో, జయపురంలో వాటికి కరువు లేదు, నీకు శ్రీకాకుళం దగ్గరైతే అక్కడైనా వెతుకు. వాళ్ళ దగ్గర ఉండే ఒక వైరు అల్లిక హోసు, ఆర్1 అంటారు, అర అంగుళం సైజులో 100 బార్‌కి పైనే పని చేస్తాది, మన 5, 6 బార్ దానికి లెక్కే కాదు. చూసుకోవాల్సింది ప్రెషర్ కాదు, వేడి. మామూలు ఆర్1 హోసు మీద 100 డిగ్రీలు అనే ఉంటాది, నీ ఆయిల్ ఘాట్‌లో దాన్ని దాటుద్ది, కాబట్టి హై టెంపరేచర్ రకం ఇమ్మని అడుగు, హోసు ఒంటి మీద అచ్చేసిన అంకె నువ్వే చదువు, వాడి మాట మీద వదలకు. టెఫ్లాన్ లోపలి పొర ఉండి పైన స్టీలు అల్లిక ఉన్న ఆర్14 దొరికితే ఇంకా మంచిది, ఖరీదు ఎక్కువే గానీ వేడి గురించి మళ్ళీ ఆలోచించక్కర్లేదు. లోపలి బోరు మాత్రం పాతదాని కన్నా తగ్గనివ్వకు, "కొంచెం చిన్నదైతే ఏటవుద్ది సార్" అంటారు, ఆయిల్ దారి ఇరుకైతే కూలర్‌కి వెళ్ళేదే తగ్గిపోద్ది.

లైను విప్పేముందు ఫోటోలు తియ్యి, నాలుగు వైపుల నుంచీ. రెండు కొసల్లోనూ వంపులుంటాయి, ఒకటి అటు చూస్తే ఇంకోటి ఇటు చూస్తాది. కొత్త హోసు నొక్కినప్పుడు ఈ కోణం పది డిగ్రీలు తేడా వచ్చినా బిగించేటప్పుడు హోసు మెలి తిరుగుద్ది, మెలి తిరిగిన హోసు ఎంత మంచిదైనా నొక్కుడు దగ్గరే పోతాది. నేను చేసేదేటంటే పాత లైనుని ప్లైవుడ్ ముక్క మీద పెట్టి రెండు కొసలకీ మేకులు కొట్టి చుట్టూ పెన్సిల్ గీత గీస్తాను, రబ్బరు మీదా ఇనుము మీదా కలిపి తెల్ల పెయింటు గీత ఒకటి, ఆ చెక్కతో సహా షాపుకి పంపుతాను. వాడు నవ్వుతాడు, నవ్వనీ. పాత ఇనప కొస బాగుంటే దాన్నే వాడుకోవచ్చు, కొత్త హోసుకి సరిపడే నిపిల్‌ని, అంటే హోసు లోపలికి దూరే ముక్కని, దానికి ఇత్తడి వెల్డింగ్ పెట్టించు, అదంతా చల్లారేకే హోసు నొక్కించు, నొక్కేసిన తర్వాత మంట పెడితే లోపల రబ్బరు కాలిపోద్ది, పైకి తెలీదు. హోసు మరీ మడతలా తిప్పకు, అర అంగుళం ఆర్1 కి వంపు రేడియస్ ఏడు అంగుళాల దాకా కావాలి, చోటు లేకపోతే వంపు ఉన్న ఫిట్టింగ్ వాడమను.

విప్పడం గురించి ఒక్క మాట గట్టిగా. కూలర్ అల్యూమినియం, నట్టు ఇనుము, ఇన్నేళ్ళ తర్వాత రెండూ ఒకటైపోయి ఉంటాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచు. పొద్దున్న ఒక పానా కూలర్ వైపు ఉన్న ఫిట్టింగ్ మీద ఆనించి పట్టుకో, రెండో పానాతో లైను నట్టు తిప్పు. ఒక్క పానాతో లాగితే నట్టు రాదు, కూలర్ ముక్కు వస్తాది, అప్పుడు నీ లైను పని కూలర్ పని అయిపోతాది. కదలకపోతే గ్యాస్ మంట పెట్టొద్దు, అక్కడంతా ఆయిలే. ఇంజిన్ చల్లారేకే విప్పు, కింద పెద్ద ట్రే పెట్టుకో, లైనులోనూ కూలర్‌లోనూ ఉన్నదంతా మీద పడుద్ది.

జాయింటు బాంజో బోల్టు (ఆయిల్ లోపలి కన్నంలోంచే పోయే బోల్టు) రకమైతే అటొకటి ఇటొకటి కాపర్ వాషర్లు ఉంటాయి, కొత్తవి వెయ్యి. దొరక్కపోతే పాతవే ఎర్రగా కాల్చి నీళ్ళలో వెయ్యి, రాగి మెత్తబడుద్ది, ఇనుములా గట్టిపడదు, పైన మసి గుడ్డతో తుడిచి వాడొచ్చు. అల్యూమినియం వాషర్ మాత్రం రెండోసారి వాడకు. ఓరింగ్ ఉన్న జాయింటైతే ఆయిల్ తట్టుకునే ఓరింగే, కొళాయి పనుల షాపులో దొరికే నల్ల ఓరింగ్ కాదు. తెల్ల టేపు చుట్టకు, సిలికాన్ పుయ్యకు. ఇక్కడ సీలు పట్టేది మరల్లో కాదు, ముఖాల దగ్గర. మరల్లో పెట్టిన టేపు పీలిక తెగి లోపలికి పోతే ఏ బేరింగ్ కన్నంలో ఇరుక్కుంటుందో దేవుడికెరుక. ఇనప పైపే తుప్పు పట్టి చిల్లు పడితే ఎమ్‌సీల్ లాంటివి నిలవవు, ఆయిల్ పట్టిన ఇనుము మీద అవి అంటుకోవు. ఆ ముక్క వరకూ కోసీసి హైడ్రాలిక్ స్టీలు ట్యూబు, కటింగ్ రింగు ఫిట్టింగ్‌తో వేయించు. కోసిన ప్రతిసారీ రంపం పొడి లోపల పడుద్ది, రెండు వైపుల నుంచీ డీజిల్ పోసి గాలి కొట్టి తెల్ల గుడ్డ మీద ఏమీ పడనంత వరకూ కడుగు. కూలర్ కోర్, అంటే గాలి తగిలే ఆ జాలీ భాగమే, కారుతూ ఉంటే గాజువాక ఆటోనగర్‌లో అల్యూమినియం వెల్డింగ్ పెట్టేవాళ్ళుంటారు, కానీ ఈ బండికి ఇదివరకు ఇంజిన్ బేరింగులు పోయిన చరిత్ర ఉంటే ఆ కూలర్ బాగు చేయించకు, మార్చీ, లోపల దాక్కున్న పొడి ఎంత కడిగినా రాదు.

ఇక నీ ప్రశ్నలో లేనిది. రెండు క్లాంపులూ ఒకే లైను మీద, ఒకే కొస దగ్గర అన్నావు. మరి రెండో లైను వయసూ అంతే కదా, అదెందుకు కారట్లేదు? ఆ లైనుని ఛాసిస్‌కో రేడియేటర్ ఫ్రేముకో పట్టి ఉంచే క్లిప్పు ఒకటి ఉంటాది, రబ్బరు తొడుగుతో. ఎవడో రేడియేటర్ పనికి విప్పి ఆ క్లిప్పు తిరిగి పెట్టలేదేమో చూడు, నా దగ్గరికి వచ్చే పాత బళ్ళలో ఆ క్లిప్పు ఉన్నది చూస్తే నాకే ఆశ్చర్యం వేస్తాది. క్లిప్పు లేకపోతే లైను బరువూ ఊపూ అన్నీ నొక్కుడు మీదే పడతాయి. రెండోది ఇంజిన్ మౌంటింగులు. బానెట్ ఎత్తి, ఒక మనిషిని బ్రేకు గట్టిగా తొక్కి మొదటి గేరులో క్లచ్ కొంచెం వదలమని, నువ్వు పక్కన నిలబడి, ముందు కాదు పక్కన, చూడు. ఇంజిన్ ఒక పక్కకి లేచి పడుతుంటే మౌంటింగ్ రబ్బరు చీలిపోయింది. లైను ఒక కొస ఇంజిన్‌కి, ఇంకో కొస బాడీకి, ఇంజిన్ ఊగిన ప్రతిసారీ లాగేది ఆ లైనునే. మౌంటింగ్ మార్చకుండా ఎంత ఖరీదైన హోసు వేసినా మళ్ళీ నాకు ఇదే ఉత్తరం రాస్తావు.

బిగించేక హోసు ఫ్యాన్ బెల్టుకీ టర్బోకీ దూరంగా ఉందా, స్టీరింగు రెండు వైపులా తిప్పినా దేనికైనా రాసుకుంటోందా చూడు. ఆయిల్ నింపి వెంటనే స్టార్ట్ కొట్టకు, కొత్త లైనూ కూలరూ ఖాళీగా ఉన్నాయి. ఇంజిన్‌కి డీజిల్ ఆపే ఫ్యూయల్ కట్ సోలినాయిడ్ వైరు పీకి, పదేసి సెకన్లు ఆపి ఆపి సెల్ఫ్ కొట్టు, డాష్ మీద ఆయిల్ లైటు ఆరేక వైరు పెట్టి స్టార్ట్ చెయ్యి. రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ చూడు, లెవెల్ దిగుతుంది, మళ్ళీ పొయ్యి. మాన్యువల్‌లో ఉన్న గ్రేడే పొయ్యి, లీకు ఆగుతుందని ఇంకా చిక్కటిది పోసేవాళ్ళున్నారు, పొద్దున ప్రెషర్ ఇంకా పెరిగి లీకు ఎక్కువవుద్ది తప్ప ఆగదు.

కూలర్ కన్నాలు మూయడం సంగతి. కొన్ని ఇంజిన్లలో బైపాస్ వాల్వ్ ఉండి ఆయిల్ వేరే దారిన తిరుగుద్ది, కొన్నిట్లో దారే మూసుకుపోద్ది, నీ బ్రాకెట్ విప్పి చూడకుండా మూస్తాననేవాడి చేతిలో బండి పెట్టకు. మధ్య దారిలో నిజంగా లైను పోతే చేయాల్సింది వేరు. బ్రాకెట్ దగ్గర బయటికొచ్చే కన్నాన్నీ వెనక్కొచ్చే కన్నాన్నీ ఒక హైడ్రాలిక్ హోసు ముక్కతో కలిపీడం, లూప్ అంటాం, ఆయిల్ తిరుగుతాది, చల్లారదంతే. దాంతో ఖాళీ బండి, మెల్లగా, చదును రోడ్డు మీద ఇంటికి వెళ్ళొచ్చు, ఘాట్ ఎక్కకూడదు. డ్రైవింగులో ఆయిల్ లైటు వెలిగితే మాత్రం వెంటనే పక్కకి తీసి, బండి ఆగిన మరుక్షణం ఇంజిన్ ఆపు. ఒకాయన బల్బు షార్టేమో అనుకుని ముందున్న దాబా దాకా పోనిచ్చేడు, రెండు కిలోమీటర్లు కూడా లేదు, క్రాంకు పట్టేసింది. ఘాట్ దిగుతూ ఉండగానే ఇంజిన్ ఆపితే బ్రేకూ స్టీరింగూ బరువెక్కుతాయి, అందుకే ముందు బండి ఆపు.

నీకు ఇంకా నెల ఉంది. లైను చేయించి, క్లిప్పు పెట్టించి, మౌంటింగ్ చూపించి, పది రోజులు పర్లాకిమిడి, గుణుపురం మధ్యనే తిరుగు. బయల్దేరే రోజు పొద్దున్న ఆ జాయింట్ల మీద మళ్ళీ పౌడరు చల్లు. లక్ష్మీపూర్ దగ్గర టీకి ఎలాగూ ఆగుతావు, బానెట్ ఎత్తి చూడు, తెల్లగానే ఉంటే వచ్చీ, నల్ల గీత కనబడితే అక్కణ్ణించే నాకు రాయి, ఏ కొస దగ్గర మొదలైందో ఫోటోతో సహా.